రెండు పండగల రోజు

పిల్లల వార్డులో నర్సులిద్దరూ దుప్పట్లు మడతపెడుతున్నారు. మతాలు వేరు. ఒకరి పండక్కి ఇంకొకరు డ్యూటీ చేయడం వాళ్ళకి ఏళ్ళుగా అలవాటు. ఈ ఏడు రెండు పండగలూ రేపే.

“ఆ ఒక్క దుప్పటే ఎన్నిసార్లు మడతపెడతావక్కా? ఇటివ్వు.”

“రేపు నువ్వు ఇంట్లో ఉండు. డ్యూటీ నేను చేస్తానన్నానా లేదా?”

“మీ చంద్రుడొచ్చి మా తేదీ మీద కూర్చుంటే నువ్వేం చేస్తావ్? చీటీలేద్దాం.”

“అక్కర్లేదు. ఆయన పోయాక ఇదే మొదటి పండగ. ఆ ఇంట్లో నా కాలు నిలవదే.”

“మరి ఏటా నాకు తెచ్చే పండగ డబ్బా?”

“ఎవరి కోసం వండను?”

“అయితే మీ వంట కూడా మా ఇంట్లో నేనే వండుతా. ఎలాగో చెప్పు.”

“నువ్వా? నీకు నీళ్ళు కాచడమే సరిగ్గా రాదు!”

“చెప్పక్కా.”

“మాంసం సన్నసెగ మీద పెట్టు. ఊరికే మూత తీసి చూడకు. ఉప్పు మాత్రం వెయ్యకు.”

“అదేంటి?”

“ఉప్పెప్పుడూ ఆయనే రుచి చూసి వేసేవారు.”

“మరి రేపెవరు వేస్తారు?”

“డ్యూటీ దిగి నేనొస్తాను. అందాకా పొయ్యి ఆర్పకు.”