రుక్సానా బేగం గారి ఆంగ్ల సాహిత్య తరగతి

1992 ఆగస్టు 17వ తేదీన నిర్మల్ ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఆంగ్ల ఉపన్యాసకురాలిగా శ్రీమతి రుక్సానా బేగం గారు బాధ్యతలు స్వీకరించారు. నాడు మొదలైన ఆ బోధనా ప్రస్థానం కరీంనగర్‌లోని మన డిగ్రీ కళాశాల ఆంగ్ల శాఖాధ్యక్షురాలి హోదాలో ఈ నెలాఖరున ముగియనున్నది. ఇరవై ఏళ్లుగా వారి పక్క గదిలో తెలుగు పాఠం చెబుతూ, గోడ అవతలి నుంచి వినిపించే వారి కంఠానికి అలవాటు పడిన సహోద్యోగిగా వారిని గురించి రాసే అవకాశం దక్కడం నా భాగ్యం.

రుక్సానా గారి స్వస్థలం జమ్మికుంట. తండ్రి నజీరుద్దీన్ గారు పత్తి మార్కెట్ దారిలో దర్జీ దుకాణం నడిపేవారు. పాఠశాల విద్యనంతా తెలుగు మాధ్యమంలో ముగించిన ఈ అమ్మాయి 1982లో కరీంనగర్‌కు వచ్చి బి.ఏ.లో ఆంగ్ల సాహిత్యాన్ని ఎంచుకుంటే బంధువులు విస్తుపోయారు. తరగతిలో ఒక్క ముక్కా అర్థం కాక ఆమె కూడా బెంబేలెత్తారు. అధ్యాపకులు నవ్వినప్పుడల్లా అందరితో పాటు నవ్వేదాన్నని, ఎందుకు నవ్వానో మాత్రం తెలిసేది కాదని వారే చెప్పి నేటికీ మమ్మల్ని నవ్విస్తారు. సెలవులకు ఇంటికి వెళ్లి, కుట్టుమిషన్ ముందు కూర్చున్న తల్లి ఖాజాబీ గారికి ఆంగ్ల కవితలు పైకి చదివి వినిపించేవారట. ఆ భాషలో అక్షరం ముక్క తెలియని తల్లి మిషన్ ఆపి, "మతలబ్ తర్వాత చెబుదువు గని, జర మళ్ల చదువు బిడ్డా" అనేవారట. అలా చదువుతూ చదువుతూనే భయం పోయిందని, డిగ్రీ చివరి ఏడాది నాటికి తరగతిలో అందరికంటే ముందు తానే నవ్వేదాన్నని రుక్సానా గారు సగర్వంగా చెబుతారు.

ఎం.ఏ. పూర్తి చేసి, నిర్మల్‌లో పన్నెండేళ్లు బోధించి, 2004లో పదోన్నతిపై మన కళాశాలకు విచ్చేశారు. మరాఠీ కలిసిన మాటలతో వచ్చే ఆదిలాబాద్ పల్లెల పిల్లలకు ఆంగ్లం నేర్పిన అనుభవం వారికి ఇక్కడ కొండంత బలమైంది. గైడ్ పుస్తకాల జోలికి పోనివ్వకుండా, మూల రచనను విద్యార్థి చేతనే చదివించి, విద్యార్థి చేతనే మాట్లాడించడం వారి పద్ధతి.

ఆ పద్ధతి విలువ నాకు తెలిసివచ్చిన సంఘటనను ఇక్కడ స్మరించుకోవాలి. 2012లో హుస్నాబాద్ దగ్గరి పల్లె నుంచి స్తుతి అనే అమ్మాయి మొదటి సంవత్సరంలో చేరింది. మెథడిస్ట్ సంఘానికి చెందిన రైతు కుటుంబం. తల్లి అంతకు ముందటి ఏడాదే కాలం చేసింది. దసరా సెలవుల తర్వాత తండ్రి దేవసహాయం గారు బిడ్డ టీసీ తీసుకుని నర్సింగ్‌లో చేర్పిద్దామని వచ్చారు. అప్పుడు నేను మేడమ్ గదిలోనే ఉన్నాను. "ఇంగ్లిష్ మాట్లాడుడు వస్తదని ఏసిన మేడమ్. గీ కథలు చదివితే ఏమొస్తది?" అని ఆయన సూటిగా అడిగారు.

రుక్సానా గారు వాదించలేదు. ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టనూ లేదు. ఇంత దూరం వచ్చారు కనుక ఒక్క పాఠం విని, ఆ తర్వాత టీసీ తీసుకెళ్లమన్నారు. నేనూ వెళ్లి వెనుక బల్లపై ఆయన పక్కన కూర్చున్నాను.

ఆనాటి పాఠం ఒక రైతు కథ. చనిపోయిన భార్యను మట్టి చేసిన మర్నాడే అతడు నాగలి కట్టుకుని పొలానికి వెళతాడు. ఊరంతా అతడిని రాతిగుండెవాడంటుంది. తరగతిలో చాలామంది ఊరి మాటనే సమర్థించారు. స్తుతి లేచి, కూడబలుక్కుంటూ ఆంగ్లంలో కాదన్నది. అదే మాటను అందరికీ తెలుగులో చెప్పమన్నారు మేడమ్.

"గాయినకు దుఃఖం లేక కాదు మేడమ్. ఇంట్ల ఏ మూలకు చూసినా ఆమెనే యాదికొస్తది. చేన్ల పనివడితే జర ఊపిరాడుతది. గందుకే పోయిండు. బిడ్డకు గూడ చెప్పలే. గని బిడ్డకు తెలుసు."

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. నా పక్కన దేవసహాయం గారు భుజం మీది తువ్వాలతో ముఖం కప్పుకున్నారు. పాఠం అయ్యాక ఆయన టీసీ ఊసెత్తలేదు. "చదువనియ్యి మేడమ్" అని మాత్రం అని, బిడ్డ తల నిమిరి బస్సుకు వెళ్లిపోయారు.

కావాలనే ఆ కథ చెప్పారా అని తర్వాత అడిగాను. అది వరుసలో వచ్చిన పాఠమేనని, "నేను చేసిందల్లా తెలుగుల చెప్పుమన్నదే" అని రుక్సానా గారు బదులిచ్చారు. స్తుతి ఎం.ఏ., బి.ఎడ్. పూర్తి చేసి నేడు ఒక గురుకుల పాఠశాలలో ఆంగ్లం బోధిస్తున్నది. నేటి వీడ్కోలు సభకు తండ్రీబిడ్డలిద్దరూ రావడం మనందరికీ ఆనందదాయకం.

కొన్నేళ్ల క్రితం చేరేవారు తగ్గి ఆంగ్ల సాహిత్య విభాగాన్ని మూసివేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు, రుక్సానా గారు వేసవి ఎండలో ఇంటర్ కళాశాలలు తిరిగి పిల్లలతో, తల్లిదండ్రులతో స్వయంగా మాట్లాడారు. ఈ ఏడాది ఆ విభాగంలో ఒక్క సీటు కూడా మిగల్లేదు. వారు మనకు అప్పగించి వెళుతున్నది నిండుగా నడుస్తున్న శాఖను.

విరమణ తర్వాత ఏం చేస్తారని అడిగితే, "ఇన్నేండ్లు సిలబస్ కోసం చదివిన. ఇగ నాకు ఇష్టమున్నది చదువుకుంట" అన్నారు. భర్త శ్రీ సాదిక్ గారి సాహచర్యంలో, సంతానం, శిష్యుల ఆప్యాయతల నడుమ, కంటిచూపు మందగించక, ఒంట్లో సత్తువ తరగక, గంట కొడతారన్న తొందర లేకుండా, నచ్చిన పుస్తకాన్ని నచ్చినంత నెమ్మదిగా చదువుకుంటూ వారు నిండు నూరేళ్లు హాయిగా జీవించాలని మన కళాశాల పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను.

— మంజుల, తెలుగు శాఖ