ఎర్రదారం కుట్టు

హలో కౌశల్… ఆ, నేనే. రాజ్యశ్రీ అక్కను, బ్యోబ్లింగెన్ నుంచి. ఎన్నిసార్లు చేసిన, ఎత్తవేంది?… ఎడిటింగ్‌ల ఉన్నవా? లైప్‌జిగ్‌ల ఎండ మంచిగున్నా గదిల్నే కూసున్నవా… సరే, సరే. ఇను.

నీ సినిమా చూసిన… లింకు పంపినవు గదా, పొద్దున్నే చూసిన… లేదు, ఏడ్వలే. మా బాపు వేషం వేసినాయన మంచిగనే చేసిండు. అచ్చం బ్రహ్మయ్య వకీలే. ఎనభైలల్ల హక్కుల సంఘపోళ్ళను ఎట్ల చంపిన్రో, అన్నీ అట్లనే ఉన్నయ్… అది కాదు. బాపును చంపినంక వచ్చే సీను. హంతకుడు బస్సెక్కి కాళ్ళ దిక్కు చూసుకుంటడు గదా? అరె, బాపు చెప్పులు తొడుక్కొచ్చిన అని అప్పుడు ఎరుకైతది… ఆ, అదే. ఎడమ చెప్పు, బొటనవేలి పట్టీకి ఎర్రదారం కుట్టు.

అది ఎవలు చెప్పిన్రు నీకు?

…ఏంది? మళ్ళ చెప్పు.

…బాపు దోస్తు రవీంద్రనాథ్ కాకనా! నువ్వడిగినవా, ఆయనే చెప్పిండా?… "సీన్ల జీవం లేదు, ఇది పెట్టు" అన్నడా.

…ఆగు, పొయ్యి మంట తగ్గిస్త.

తమ్మీ, ఇను. బడి నుంచొచ్చి మొదలు చూసింది నేనే. గడప బయట ఎవలివో చెప్పులు మిగిలినయ్, బాపువి లేవు. ఇన్‌స్పెక్టర్ వాటిని పట్టుకపోయిండు. "వీటి ఊసెత్తితే నీ బిడ్డ దక్కది" అని అమ్మను బెదిరిచ్చిండు. పంచనామాల లేదు, కోర్టుల లేదు. కిరాయి గూండాలు మీద పడి చంపిన్రని రాసుకున్నరు. గూండాలు చెప్పులిడిచి లోపలికొస్తరా? మా ఇంట్ల చాయ తాగినోడు ఇడుస్తడు.

…అమ్మనా? అమ్మ సచ్చేదాక నాతోనే మాట్లాడలే దాని గురించి. ఆయనకేం చెప్తది?

…అయ్యో, చెప్పులు మారినయని ఎవలన్న అనుకుంటరు, సరే. ఆ దారం? ఆ పొద్దున్నే కుట్టింది అమ్మ. సూదిల దారం ఎక్కిచ్చింది నేను. కుట్టినంక బాపు గడప దాటలే కౌశల్. ఇగ ఎవడు చూస్తడు? తొడుక్కున్నోడే చూస్తడు.

…మరి ఆ రోజు హైదరాబాద్‌ల ఉన్న అని నీకు గూడ చెప్పిండు గదా.

…నాకూ అట్లనే ఉంది. తప్పైతే బాగుండు అని. నన్ను జర్మనీకి రప్పిచ్చింది ఆయనే. బాపు జాగల కూసొని కన్యాదానం చేసిండు. పండుగొస్తే ఆయన కాళ్ళే మొక్కిన నేను… ఛీ.

…పోలీసులా? ఏమని చెప్పాలె, సినిమాల చూసిన అనా?… నువ్వు రావద్దు. ఎప్పుడొస్తవు ఆడికెల్లి! ఆయన ఇప్పుడే వస్తున్నడు. ఆదివారం మా ఇంట్లనే తింటడు. పప్పుచారు పొయ్యి మీదనే ఉంది… ఒక్కదాన్నే. మా ఆయన పిల్లను ఈతకు తోలుకపోయిండు.

…భయమైతుంది, ఎందుకు గాదు? కానీ తలుపు తీస్త. ఇయ్యాల అడగకుంటే జిందగీల అడగలేను.

…బెల్లు. ఇన్నవా?

పెట్టెయ్యకు. నువ్వేం మాట్లాడకు, ఊకె ఇను. రేపు ఆయన ఏమన్నా, నాతోని ఇంకొకలు ఇన్నరని ఉండాలె. ఫోను ఈడ, చెప్పుల స్టాండు మీద పెడుతున్న… ష్, తమ్మీ. ఊపిరి గూడ ఇనపడొద్దు.

…రా కాకా. ఎస్-బాన్ రైలు లేటైందా?… ఏం లేదు, తలనొప్పి. గంతే.

అయ్యో, బయట ఇడవకు కాకా. బూట్లు లోపట పెట్టు.

బయటుంటే మారిపోతయ్.

…ఏమైంది కాకా? ఒక్క బూటిడిచి అట్లనే నిలబడ్డవు?