మూతి లేని వియ్యపురాలి బొమ్మ

"అమ్మమ్మా, ఫోన్ల రికార్డు ఆన్ జేసిన, ఇగ చెప్పు. మా అమ్మ పెండ్లైన కొత్తల నువ్వు, మా నాయనమ్మ మాట్లాడుకోకపోతుంటిరంట గదా? ఏమైంది?"

ఎవరు జెప్పిన్రే నీకు? మీ అమ్మనా? ఆమె కడుపుల ఒక్క ముచ్చట ఆగదు. ఫోను జర పక్కకు వెట్టు, ఉల్లిగడ్డలు మీద పడ్తయ్. నేను దండ గుచ్చుకుంటనే చెప్త. ఖాళీ కూసొని చెప్పుడు నాతోని గాదు, కాళ్లు గుంజుతయ్.

గీ దండ ఎందుకంటవా? ఎనక గల్లీ యాదమ్మ బిడ్డ పెండ్లి లేదా ఆదివారం, గందుకు. పెండ్లి అయినంక నాగెల్లి నాడు పిల్ల తరఫోళ్లు పిల్లగాని తల్లిని ఎక్కిరియ్యాలె. పరాష్కం అంటరు, తెల్వదా? మెడల ఉల్లిగడ్డల దండ ఏస్తరు, అప్పాలతోని కమ్మలు పెడ్తరు, సొరకాయకు చంటిపిల్లల కుల్ల టోపి తొడిగి గిదే నీ మనుమడు అని ఒళ్లె పెడ్తరు. ఆమె నవ్వాలె. నవ్వకుంటె ఓడిపోయినట్టు. గంతే ఆట. గివన్ని ఎవరు జెయ్యాలె? నేను. ఊరంత నన్నే అడుగుతరు, నాకేదో పని లేనట్టు.

ఎప్పుడు జేస్తుంటివి అని అడుగవేం? బర్రె పాలు చేపేదాంక పక్కపొంటి కూసొని నాలుగు కుట్లు. అన్నం ఉడికేదాంక నాలుగు కుట్లు. మీ మామ చిన్నగున్నప్పుడు వాణ్ని కాళ్ల మీద పండవెట్టి ఊపుకుంట, పైన చేతులు కుడుతుండె, కింద కాళ్లు ఊపుతుండె. ఒక్కపారి చిన్న గుడ్డబొమ్మను వాని లాగుకు కలిపి కుట్టిన. వాడు లేస్తె బొమ్మ గుడ లేచింది. మీ తాత నవ్వి నవ్వి... సరే అది ఇడిసిపెట్టు. ఏడున్న నేను?

ఆఁ, మీ అమ్మ పెండ్లి. శ్రావణమాసం. చెరువు కింద ఎకరం పొలం ఉండె మనకు, గప్పుడే నాట్లు. ఇంట్ల పెండ్లి, పొలంల నాట్లు, రెండు బర్లు ఒక్కటే వారంల ఈనినయ్. గట్లాంటప్పుడు గమ్మున ఉల్లిగడ్డల దండ ఒకటి గుచ్చి ఊకుంటె అయిపోతుండె. ఊకుంటనా? అందరి బిడ్డలకు దండలు, నా బిడ్డకు గుడ గదే దండనా? నిలువెత్తు బొమ్మ జేస్త అనుకున్న. నిలువెత్తు గాదులే, మోకాళ్ల దాంక. అచ్చం వియ్యపురాలి లెక్క ఉండాలె, జూస్తె ఆమెనే పరేషాన్ గావాలె.

మీ తాత పాత ధోతి చింపిన. అడగలే, అడిగితె ఇయ్యడు. పాత మెత్త ఇప్పి దూది కూరిన. నల్ల ఊలుతోని పెద్ద కొప్పు. మీ నాయనమ్మకు గప్పుడు గింత కొప్పు ఉండె, ఇప్పుడు జూస్తె నమ్మవు. నడుముకు తాళాల గుత్తి, సంకల బ్యాగు. ఆ బ్యాగు ఎవ్వరికీ ఇయ్యకపోయేది, ఫొటో దిగేటప్పుడు గుడ సంకలనే. రైకగుడ్డతోని చీర కట్టిన. మొఖానికి డికాషన్ పూస్తె మంచి చామనఛాయ వచ్చింది. మూతి జాగ ఒక్కటి తెల్లగ ఇడిసిపెట్టిన.

ఎందుకంటె మూతి నేను జూడలే. అవ్ బిడ్డ. గప్పటిదాంక రెండుసార్లు కలిసింది ఆమె, పిల్లను జూడనీకి వచ్చిన నాడు ఒకసారి, పూలుపండ్లు పెట్టి పెండ్లి ఖాయం జేసిన నాడు ఒకసారి. రెండుసార్లు గుడ కొంగు మూతికి అడ్డం పెట్టుకొనే మాట్లాడింది. నేనేమనుకున్న? పట్నం దిక్కోళ్లు, మర్యాద మస్తు అనుకున్న. పెద్ద అంబర్‌పేట్ అంటె వాళ్ల ఊరు, గప్పుడేం పట్నం, మన లెక్కనే పల్లె. అయినా గట్లనే అనుకున్న.

నేను జూడనిది కుట్ట. అది నా ఖాయిదా. ఏదో ఒక మూతి కుడితె అది బొమ్మ అయితది గని మనిషి గాదు. గందుకె పెండ్లి నాడు వాళ్లు రాంగనే ఎదురుకోళ్ల కాడ మంచిగ జూసి, లోపటికొచ్చి కుట్టేద్దాం అనుకున్న. ఐదు నిమిషాల పని. ఎర్రదారం ఎక్కిచ్చి సూది రైకకే గుచ్చుకొని తిరిగిన.

ఇగ జూడు పెండ్లి. ఎదురుకోళ్ల కాడ వాన దంచింది. టెంటు కారబట్టె. వంటాయన నూనె ఒడిసిందని మొత్తుకుంటుండు. పంతులు ముహూర్తం అని మొత్తుకుంటుండు. మీ అమ్మ పూలజడ ఇష్టం లేదని ఏడుపు. నేను ఆమె మూతి జూడనా, గివి జూడనా? సూది రైకకే ఉన్నది, నేను మర్సిపోయిన.

నాగెల్లి నాడు మా చెల్లె సత్తెమ్మ, ఎరుకేనా, మీ అమ్మకు చిన్నమ్మ, గొంతు మైకు లెక్క ఉంటది గదా, ఆమె ఉరికొచ్చింది. "అక్కా, బొమ్మేదే? అందరు కూసున్నరు!" తీసి జూస్తె మూతి లేదు. ఇగ టైం ఏడుంది? బొమ్మ కొంగు పట్టి మూతి మీదికెళ్లి గుంజి రెండు కుట్లేసిన. జూస్తె అచ్చం ఆమె లెక్కనే అయింది! నేనే సంబరపడ్డ.

తాంబాలంల పెట్టి తీస్కపోయినం. ఆడోళ్లంత ఒకటే నవ్వు. మీ నాయనమ్మ గుడ నవ్వింది బిడ్డ, కొంగెనకకెళ్లి, కండ్లు నవ్వినయ్. కొప్పు ముట్టి జూసింది. తాళాలు సప్పుడు చేసి జూసింది. "ఎవరు జేసిన్రు?" అన్నది. "నేనే వదినా" అన్న, ఛాతి ఇంత పొంగిచ్చి.

గంతల సత్తెమ్మ, "ఆగున్రి, మా వియ్యపురాలి మూతి జూడకుంట ఎట్ల" అని బొమ్మ కొంగు గుంజింది.

రెండు కుట్లు ఎంత సేపు ఆగుతయ్? తెగినయ్. ముక్కు కింద తెల్లగ, గింత జాగ. ఆడోళ్లు పడి పడి నవ్విన్రు. నేను గుడ నవ్విన. మీ నాయనమ్మ నవ్వలే. బొమ్మను సంకల పెట్టుకొని లేచింది, పోయి వాళ్ల బండిల కూసున్నది. అన్నం ముట్టలే. మీ తాత పోయి బతిమిలాడిండు, పెద్దమనుషులు పోయిన్రు, ఉహూఁ. అప్పగింతలప్పుడు గుడ నా దిక్కు జూడలే. నా బిడ్డ చెయ్యి ఆమె చేతుల పెడుతుంటె ఆమె పక్కకు జూస్తుంది. గిట్లనా నా బిడ్డను పంపేది అని నేను లోపల లోపల సస్తున్న. ఏం తప్పు జేసిన్నో తెల్వదు. బొమ్మకు మూతి లేకుంటె గింత కోపమా?

ఆగు, కుక్కర్ ఎన్ని కూతలేసింది? మూడా? నాలుగైతె బంద్ జెయ్యి పోయి. మీ అత్త ఆదిభట్ల బస్సు దిగంగనే ఆకలి అంటది... ఆఁ, వచ్చినవా? కూసో.

పదహారు రోజుల పండుగకు మీ అమ్మ, మీ నాయిన ఇద్దరే వచ్చిన్రు. ఆమె రాలే. నేను పూరీలు ఒత్తుతున్న, మీ అమ్మ పొయ్యి కాడికొచ్చి మెల్లగ అన్నది, "అమ్మా, మా అత్తకు పెదువుల మీద తెల్ల మచ్చ ఉన్నది. బొల్లి. చిన్న ఆడిబిడ్డ పెండ్లి గావాలె అని బయట ఎవ్వరికీ తెల్వనిస్తలేరు. నీకెవరో చెప్పిన్రు, నువ్వు కావాలని తెల్లగ ఇడిసిపెట్టి పదిమందిల కొంగు గుంజిపిచ్చినవ్ అనుకుంటుంది."

పూరీ చేతులనే ఉండిపోయింది. నూనె పొగలు వస్తుంటె మీ అమ్మనే కడాయి దించింది.

నీకు ఒక్క మాట చెప్పాల్నా, నిజం? గా మచ్చ సంగతి ముందుగాల్ల తెలిస్తె నేను పిల్లనిస్తుంటినా? ఇయ్యకపోతుంటినేమో. గప్పుడు గట్లనే ఉండె మా బుద్ధులు. అంటుకుంటదని, పిల్లలకొస్తదని ఏందేందో అనేటోళ్లు. మరి ఆమె దాచుకుంటె తప్పేమున్నది? మాలాంటోళ్లను జూసే దాచుకున్నది.

"అయితె నేను పుట్టకపోతుంటినా?"

గదే చెప్తున్న, ఇను జర! నడుమల దూరకు.

ఇగ నా మనసు నన్ను నిలువనీయలే. పాలు పిండుతె సగం కింద పోస్తున్న. ఫోన్ చేస్తె ఆమె రాదు, మీ నాయిననే "బాగున్నరా అత్తమ్మా" అని పెట్టేస్తడు. మంచిది ఏదన్న చేసి తీస్కపోయి మాఫీ అడుగుదాం అని వైరుబుట్ట మొదలుపెట్టిన. ఎర్రది, పచ్చది. అడుగు అల్లుతున్న, తప్పైతె ఇప్పుతున్న. మల్ల అల్లుతున్న, మల్ల ఇప్పుతున్న. కండ్లు మూసుకొని అల్లే బుట్ట అది, ఒక్క ముడి సక్కగ పడలే. బతుకమ్మ దగ్గరికొచ్చింది. మొదటి బతుకమ్మ కొత్త పెండ్లిపిల్ల తల్లిగారింట్లనే ఆడాలె గదా. మీ తాత తోల్కరానీకి పోయిండు, పొద్దుగాల పోయినోడు పగటికల్ల ఒక్కడే వచ్చిండు. "పంపరంట," అని తువ్వాల గోడకేసి కూసున్నడు.

నేను కుడితి బకెటు గట్లనే వెట్టి లేచిన. బర్రె అరుస్తనే ఉన్నది. హయత్‌నగర్ దాంక బస్సు, ఆడికెళ్లి ఆటో. ఆటో ఎక్కినంక జూసుకున్న, ఉత్త చేతులు. బిడ్డ అత్తగారింటికి ఉత్త చేతుల్తోని ఎవరన్న పోతరా? ఒక్క అరటిపండు లేదు. దిగి కొనుక్కుందామంటె, దిగితె మల్ల ఎక్కనేమో అని భయమైంది.

ఆమె వాకిట్ల చింతపండు గింజ తీస్తుంది. నన్ను జూసి కొంగు పైకి గుంజుకున్నది. మీ అమ్మ తలుపు కాడ నిలవడ్డది.

"ఎందుకొచ్చినవ్? ఇంకేమన్న బొమ్మ జేసినవా?" అన్నది.

నేను కూసున్న. కింద, మట్టిల. "వదినా, నేను జూడలే. నాకెవ్వరు జెప్పలే. నా బిడ్డ మీద ఒట్టు. మూతి జూసినంక కుడ్దామని ఇడిసిపెట్టిన, పనుల పడి మర్సిపోయిన. నేను జూడనిది కుట్ట" అన్న.

ఆమె మల్ల చింతపండు చేతికి తీస్కున్నది. చింతగింజలు టకటక పడుతున్నయ్ గిన్నెల. ఇగ అయిపోయింది, నా బిడ్డ రాదు, ఏ పండుగకూ రాదు అనుకున్న. గప్పుడు లేచి లోపటికి పోయింది. ఇగ నా మొఖం మీదనే దర్వాజ బంద్ జేస్తదేమో అన్నట్టు పోయింది. పోయి బొమ్మను తెచ్చింది.

"పారెయ్యలే వదినా?" అన్న.

"ఎట్ల పారేస్త? నా లెక్కనే ఉండె" అన్నది.

నన్ను లోపటికి పిలిచింది. తలుపు దగ్గరేసింది. నా ముంగట కూసొని, కొంగు దించింది. "ఇప్పుడు జూడు. జూసి కుట్టు."

ఏం జెప్పాలె బిడ్డ. కింది పెదువి సగం తెల్లగ, పాలు తాగి మూతి తుడుసుకోని పిల్ల లెక్క. గంతే. గింత దానికి గన్నేండ్లు కొంగు పట్టుకొని చెయ్యి ఎట్ల నొయ్యలేదో. మీ అమ్మ సూదిదారం తెచ్చింది. ఆమెకు బాధైతదని నేను మంచిగ అంత ఎర్రదారమే కుట్టిన, పెదువులు దొండపండ్ల లెక్క. చూపిచ్చిన. ఆమె జూసి, "గిది ఎవరు?" అన్నది. "జూడనిది కుట్టనంటివి. జూసింది గుడ కుట్టవా? ఇప్పు."

ఇప్పిన. బొమ్మ ఒంటి ధోతిగుడ్డ అంచుకెళ్లి తెల్లదారం గుంజి మల్ల కుట్టిన, కొంత ఎరుపు, కొంత తెలుపు. ఒక్కో కుట్టుకు ఆమె మొఖం జూడాలె గదా. ఆమె గుడ నన్నే జూస్తుంది, రెప్ప కొడ్తలేదు. మొదట్ల నేనే కండ్లు దించిన. తర్వాత దించలే. మల్ల చూపిస్తె, "మచ్చ గా మూల దాంక పోతది, నీకు కండ్లు ఆనుతలేవా?" అని తిట్టింది. గా తిట్టు ఇన్నంక నాకు పానం లేచొచ్చింది. మూల దాంక కుట్టిన.

అయినంక బొమ్మను ఇటు తిప్పి అటు తిప్పి జూసింది. మీ అమ్మ దిక్కు తిరిగి, "చీరలు సదురుకో, పండుగ అయినంకనే రా. మీ అమ్మకు పని శాతగాదు, జర సాయం చెయ్యి" అన్నది.

ఆఁ, గప్పటికెళ్లి అంత మంచిగైందని అనుకోకు. బయట కొంగు ఇంకో రెండేండ్లు తియ్యలే ఆమె, మీ మేనత్త పెండ్లి అయ్యేదాంక. నేను పోతె మాత్రం తలుపేసి తీస్తుండె. గన్ని దినాలు ఆమె మూతి జూసి మాట్లాడింది ఇంటోళ్లు, నేను, గంతే. నాకు ఇప్పటికీ ఒకొక్కసారి పండుకుంటె నిద్ర రాదు. గా నాడు పదిమంది నవ్వుతుంటె నేను గుడ నవ్విన గదా, గది యాదికొస్తది. కుట్లు ఇప్పొచ్చు, నవ్వింది ఎట్ల ఇప్పుతవ్?

ఏందే, కండ్లు గట్ల తుడుసుకుంటున్నవ్? ఉల్లిగడ్డలకా? సరే సరే. ఇగ ఫోను బంద్ జెయ్యి, యాదమ్మ వాళ్ల వియ్యపురాలిని నేను ఇంకా జూడనే లేదు, పొద్దు గూకకముందే ఏదో వంకతోని పోయి జూసి రావాలె. లే, చెయ్యి ఇయ్యి, మోకాళ్లు పట్టుకున్నయ్. సల్లగుండు బిడ్డ. మంచిగ సదువు, మంచిగ బతుకు. నీ ముంగట ఎవ్వరికీ మొఖం దాచుకునే గతి రావద్దు.