మా సమక్షంలో

సభకు వచ్చిన పెద్దలకు, మా గల్లీ అమ్మలకు, అక్కలకు, కోర్టు నుంచి వచ్చిన వకీలు సార్లకు, ముందు వరుసలో కూర్చున్న దుబ్బయ్య మామ భార్య పద్మమ్మ అత్తకు, కొడుకు శైలేందర్ బావకు నమస్కారం.

నా పేరు కృప. దుబ్బయ్య మామ ఇంటికి ఎదురిల్లు మాది. మా ఆయన వెంకటేశ్ మహారాష్ట్రలో, భివండిలో మగ్గాల మీద పనిచేస్తాడు. నేను ఏడో తరగతి వరకే చదివాను. నలుగురి ముందు మాట్లాడటం ఇదే మొదలు. అందుకే రాసుకొచ్చాను. చూసి చదువుతున్నానని ఏమనుకోకండి.

మామ పోయి ఈరోజుకు పదకొండు రోజులు. పొద్దున వాకిలి ఊడుస్తుంటే ఎదురుగా ఆయన కుర్చీ ఉంటుంది. ఖాళీగా ఉందని తెలుసు. అయినా తలెత్తి అటు చూడలేను. ఎందుకు చూడలేనో చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

మామ ముప్పై ఒక్క ఏళ్ళు కోర్టులో అటెండర్‌గా పనిచేశారు. హాలు తలుపు దగ్గర నిలబడి వాయిదాకు వచ్చినవాళ్ళను పేరు పెట్టి మూడుసార్లు పిలిచే పని. ఆయన చదివింది ఐదో తరగతే. విన్నది మాత్రం వకీళ్ళు విన్నంత.

రెండేళ్ళ కింద పోలీసులు మన గల్లీని రెండు వైపులా మూసి ఇల్లిల్లూ తనిఖీ చేశారు, గుర్తుందా? మనమంతా ఏం చేశాం? తలుపులు తెరిచాం. బీరువాలు తెరిచాం. అడగకముందే తెరిచాం. నేనైతే పాప ఉయ్యాల బట్ట కూడా దులిపి చూపించాను.

మామ ఒక్కరే గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "రాండ్రి సారూ, రావద్దంటలేను. దేనికోసం వచ్చిన్రు, ఏ కాగితం మీద వచ్చిన్రు చెప్పున్రి. గల్లీల ఇద్దరు పెద్దమనుషులను పిలువున్రి. ఇంట్ల ఆడమనిషి ఉన్నది, ఆడపోలీసును పిలువున్రి. ఇగ ముందుగాల మీ జేబులు నాకు చూపెట్టున్రి" అన్నారు.

వాళ్ళ పెద్ద సారు నవ్వి, "నా జేబుల ఏముంటది ముసలోడా?" అన్నారు.

"ఏం లేదని నేను చూడాలె గద సారూ! మీరు నా బియ్యం డబ్బల చెయ్యి పెడ్తరు, నేను మీ జేబుల కన్ను పెట్టొద్దా?" అన్నారు మామ.

గల్లీ అంతా గొల్లున నవ్వింది. చివరికి ఆ సారు కూడా నవ్వుకుంటూ జేబులు బయటికి తిప్పారు. ఒక దువ్వెన, సగం తిన్న పల్లిపట్టి. "గా పట్టి నాకిచ్చి ఇల్లంత చూసుకోన్రి" అన్నారు మామ.

వాళ్ళు వెళ్ళాక నేను అడిగాను, మామా నీకు భయం కాలేదా అని. "పోలీసోళ్ళు మనకు పగోళ్ళు గాదు బిడ్డా. రావాలె, దొంగను పట్టాలె. గని పద్ధతిగ రావాలె. ఇంట్ల దొరికింది ఇంటోనిదే అనాలంటె, వచ్చినోని చేతులు ఖాళీగ ఉండాలె" అన్నారు. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ ఎవరూ తీసుకోరాదని రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణంలో ఉందని చెప్పారు. ఇంటి గుట్టు కాపాడుకునే హక్కు కూడా అందులోదేనని పెద్ద కోర్టు తీర్పు ఇచ్చిందని చెప్పారు. నేను తలూపాను. అర్థమైందనుకున్నాను. నిజంగా అర్థమైతే ఆ తర్వాత అట్లా ఎందుకు చేస్తాను?

పోయినేడు జూన్‌లో మామ, అత్త చుట్టాల పెళ్ళికని అక్కన్నపేట వెళ్ళారు. ఆ రోజు పదకొండు గంటలకు మన గల్లీలోకి పోలీసు జీపు వచ్చింది. ఏ ఠాణా వాళ్ళో చెప్పలేదు. శైలేందర్ బావ జీపులోనే ఉన్నాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే తన దుకాణం నుంచి తీసుకొచ్చారు. ఆయనను కిందికి దించలేదు. ముగ్గురు మాత్రం ఇంట్లోకి వెళ్ళారు.

నేను మా గడపలో నిలబడ్డాను. అక్కడి నుంచి ఎదురింటి గడప, గోడ తప్ప లోపలిదేమీ కనబడదు. కాసేపటికి ఒకరు బయటికొచ్చి, "ఏమ్మా, చదువొస్తదా? సంతకమా, ఏలుముద్రనా?" అని అడిగారు.

నిజం చెబుతున్నాను. ఆ మాటకు నాకు పౌరుషం వచ్చింది. మా అవ్వ బతుకంతా వేలిముద్రే. నేను "సంతకమే" అన్నాను. తెల్ల కాగితం. పైన ఏమీ రాసి లేదు. కింద పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి ఉంది. ఇళ్ళ సర్వేకు వచ్చినవాళ్ళకు పెడతాం, టీకాలు వేసేవాళ్ళకు పెడతాం, ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం దిద్దినట్టు, అందంగా పెట్టాను.

సాయంత్రానికల్లా మాట పాకింది. బియ్యం డబ్బాలో పదకొండు దొంగ ఫోన్లు దొరికాయట. ఎవరు చూశారు? "కృప చూసిందట." నల్లా దగ్గర అదే మాట. కిరాణా కొట్టులో అదే మాట. "ఎదురింటామెనే సంతకం పెట్టింది గద, ఆమె అబద్ధమాడ్తదా?" నేను బిందె నింపుకొని ఇంట్లోకి వచ్చేశాను. కాదనలేదు. బావ నలభై రెండు రోజులు జైల్లో ఉన్నాడు. ఆ దుకాణం షట్టరు ఇప్పటికీ మూసే ఉంది.

కోర్టు కాగితాల నకలు వచ్చాక మామ ఒక మధ్యాహ్నం మా వాకిట్లోకి వచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కాగితం నా చేతికిచ్చి, "చదువు బిడ్డా, గట్టిగ చదువు" అన్నారు. కూడబలుక్కుంటూ చదివాను. అందులో ఇద్దరు పంచుల పేర్లున్నాయి, అంటే సోదా కళ్ళారా చూసిన సాక్షులవి. ఒకరు ఈ గల్లీ మనిషే కాదు. రెండో పేరు నాది. "మా సమక్షంలో ఇల్లు సోదా చేయగా" అని ఉంది.

"సమక్షం అంటె ఏంది?" అన్నారు.

"ముందర" అన్నాను.

"ఎవరి ముందర?"

నేను కాగితం ఆయన చేతికే తిరిగిచ్చాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నా కొడుకు కోసం ఇట్ల చెప్పు, అట్ల చెప్పు అని నేను అననే అన. నేర్పిన సాక్ష్యం నిలవది. నేను గూడ నేర్పితె వాళ్ళకు నాకు ఫరకేమున్నది? నీకు నువ్వే యాదికి తెచ్చుకో" అని వెళ్ళిపోయారు.

అమ్మలారా, ఒక్కసారి ఆలోచించండి. కొడుకును దొంగ అంటున్నారు. కాదో అవునో తేలాలంటే కావలసిన మాట ఎదురింట్లోనే ఉంది. చేయి పట్టుకుని బతిమాలితే నేను కాదందునా? అయినా బతిమాలలేదు. పోలీసులను ఏ గీత దగ్గర ఆగమన్నారో, తన కొడుకు విషయంలోనూ అదే గీత దగ్గర ఆగారు. మనలో ఎంతమందిమి ఆగుతాం?

ఆ తర్వాత నేను ఆయన ఎదుట పడలేదు. చెప్పుల చప్పుడు వినగానే తలుపు గడియ పెట్టేదాన్ని. ఆయన పోతూ పోతూ, "రిషితా, మీ అమ్మ మంచిగున్నదా?" అని మా పాపను బయటి నుంచే అడిగేవారు. తలుపు వెనక నేను గడియ పట్టుకుని నిలబడేదాన్ని. ఆయనను దవాఖానలో చేర్చారని తెలిసినప్పుడు, పొద్దున్నే వెళ్ళి చెబుదామనుకున్నాను. పొద్దునకు ఆయన్నే ఇంటికి తెచ్చారు.

ఇప్పుడు మధ్యాహ్నం పాపను పడుకోబెట్టి నేనూ కన్ను మూస్తే, ఎవరో నా పేరు పిలుస్తారు. ఒకసారి. రెండోసారి. అది మామ గొంతే. లేచి తలుపు తీస్తే గల్లీలో ఎండ తప్ప ఎవరూ ఉండరు. మూడోసారి ఎప్పుడూ వినబడదు. దానికోసం చెవులు అటే పెట్టుకుని ఉంటాను.

వచ్చే మంగళవారం కోర్టు నన్ను రమ్మంది. అక్కడ చెప్పేది ముందు మీకు చెప్పాలి. నా పేరు మీద ఆ మాట మొదట తిరిగింది మీ మధ్యనే. ఆ ఇంట్లో ఫోన్లు దొరకలేదని నేను చెప్పలేను. దొరికాయనీ చెప్పలేను. నేను చూడలేదు. నేను ఆ గడప తొక్కలేదు. నన్ను లోపలికి పిలవలేదు. సంతకం పెట్టినప్పుడు కాగితం ఖాళీగా ఉంది. ఇది నాకు ఎవరూ నేర్పింది కాదు.

భయం లేదని అనను. నిన్న మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను. మగ్గాల చప్పుడులో వినబడక మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత, "సంతకం నువ్వే పెడితివి. చెప్పుడు గూడ నువ్వే చెప్పాలె. నేను సోమవారం బండెక్కుతున్న" అన్నాడు.

శైలేందర్ బావా, మీ నాయిన ఉండగా చెప్పవలసిన మాట ఇది. ఆయన వినకుండానే పోయారు. అత్తా, నీకు ఏ ముఖంతో మొక్కాలో నాకు తెలియదు.

ఇప్పుడు దుబ్బయ్య మామ కోసం అందరం లేచి రెండు నిమిషాలు నిలబడదాం. అత్తకు మోకాళ్ళ నొప్పులు, ఆమెను కూర్చోనివ్వండి. ఇన్నాళ్ళు నేను భయంతో నోరు మూసుకున్నాను. ఈ రెండు నిమిషాలు ఆయన కోసం మూసుకుంటాను. అవి అయిపోయాక నన్ను ఎవరు ఏమడిగినా, ఏమన్నా, వినడానికి ఇక్కడే ఉంటాను.

లేవండి.