అక్క తలుపేసుకుని తింటుంది

అధ్యక్షులుగా కూర్చున్న పెద్ద డాక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, ఇన్నేళ్ళూ నాతో కలిసి జనం నోళ్ళు చూసి విసుక్కోని, విసుక్కున్నా బయటపడని స్నేహితులకు, వెనక వరసల్లో కూర్చున్న నా పేషెంట్లకు నమస్కారం. మీలో సగంమందిని ముఖం చూస్తే గుర్తుపట్టలేను, ఏమీ అనుకోకండి. నోరు తెరిస్తే మాత్రం ఇట్టే చెప్పేస్తాను. (నవ్వులు)

రిటైరవుతున్నానని ఇందాక డాక్టరుగారు నన్ను ఆకాశానికెత్తేశారు. ముప్పై రెండేళ్ళు పళ్ళు శుభ్రం చేసిన చెయ్యి అన్నారు. చెయ్యి సంగతి నిజమే, ఈ బొటనవేలితో ఇప్పుడు సీసా మూత కూడా తియ్యలేను. మీరంతా చాటుగా నన్ను 'నెమ్మదమ్మ' అంటారని నాకు తెలుసు. నాకు తెలియదనుకుని మీరు సంబరపడుతుంటే ఎందుకు చెడగొట్టడమని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. మాడిన గిన్నె తోమినట్టు పళ్ళు తోముకునేవాళ్ళకి నెమ్మదిగా, నెమ్మదిగా అని చెప్పీ చెప్పీ తెచ్చుకున్న పేరది. అదిగో, మూడో వరసలో బస్సు డ్రైవరుగారు తల దించుకున్నారు. ఆయన బ్రష్ కుచ్చులు రెండు పక్కలకీ వాలిపోయి ఉంటే, "ఇంకా బాగానే పనిచేస్తోందండీ" అనేవారు. (నవ్వులు) ఇప్పుడు మూడు నెలలకోసారి మారుస్తున్నారట, వాళ్ళావిడ చెప్పింది.

మా ఉద్యోగంలో ఒక చిత్రం ఉంది. రోజంతా మాట్లాడతాం, ఎదుటి మనిషి నోట్లో అద్దమూ గొట్టమూ ఉంటాయి కాబట్టి జవాబు రాదు. అలా మాట్లాడటం అలవాటైపోయి, ఇంటికెళ్ళాక కూడా అవతలివాళ్ళ మాట వినడం మానేశాను. ఇది నవ్వించడానికి చెప్పడం లేదు.

నాకో అక్క ఉంది. అమ్మ పోయాక నన్ను చదివించిందీ, ఈ ఉద్యోగానికి వెంటబెట్టుకొచ్చి దిగబెట్టిందీ ఆవిడే. ఇంట్లో మేమిద్దరమే. పదేళ్ళ కిందట ఓ పొద్దున్న నేను హడావిడిగా చెప్పులేసుకుంటుంటే, "తోముకుంటే రక్తం వస్తోందే, కింద ముందు పళ్ళ దగ్గర" అంది. "అక్కడ జాగ్రత్తగా ఉండక్కా, సాయంత్రం చూస్తా" అని గడప దాటాను. సాయంత్రం చూడలేదు. ఆవిడ రెండోసారి అడిగే మనిషి కాదు. నేను జాగ్రత్త అన్నాను కదా అని అక్కడ బ్రష్ తగలనివ్వడమే మానేసింది. రక్తం కనబడకపోయేసరికి నయమైందనుకుంది. అలా మూడేళ్ళు.

ఇక్కడ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకీ నేను మొదట చెప్పే మాట మీకు కంఠతా వచ్చు. చిగుళ్ళలోంచి రక్తం వచ్చిందని ఆ చోటు వదిలెయ్యకండి, మెత్తటి బ్రష్‌తో, చిగురూ పన్నూ కలిసే చోట, రెండు పూటలా నెమ్మదిగా తోమండి, సందుల్లో ఇరుక్కున్నది దారంతో తియ్యండి, వారం పదిరోజుల్లో తగ్గకపోతే మా దగ్గరికి రండి అని. పరాయివాళ్ళకి వేలసార్లు చెప్పాను. ఇంట్లో మనిషికి సగం చెప్పి వెళ్ళిపోయాను. (నీళ్ళు తాగారు)

చిగుళ్ళ జబ్బు పెద్దగా నొప్పి పెట్టదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. పళ్ళు కదులుతున్నాయని అక్క చెప్పిన రోజున, అప్పుడు చూశాను. డాక్టరుగారూ, మీకు గుర్తుందో లేదో, ఆ కింది ఆరు పళ్ళూ మీరే తీశారు, నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. కట్టుడు పళ్ళు చేయిస్తే, "నోట్లో ఎవరో అద్దెకి దిగినట్టుందే" అని డబ్బాలో పెట్టేసింది. అప్పటినుంచీ నా ముందు తినదు. కంచం పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. నేను వంటింట్లో గోడకేసి చూస్తూ తింటాను. ఒకే పొయ్యి మీద వండుకుని ఏడేళ్ళుగా ఎవరికి వాళ్ళం తింటున్నాం. డ్యూటీ ఉన్నంతకాలం మధ్యాహ్నాలు మీ కబుర్లతో గడిచిపోయాయి. రేపటినుంచి ఆ తలుపుకి ఇవతల మూడు పూటలా నేనే. దాచుకోవడమెందుకు, నాకు భయంగా ఉంది.

ఇవాళ ఇద్దరం రావాల్సింది. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది, చూశారు కదా. "అక్కడ భోజనాలుంటాయిగా, నువ్వెళ్ళిరా" అంది.

అందుకని ఒక్క కోరిక. నా కోసమే ఏర్పాటు చేసిన విందుకి నేను ఉండటం లేదు, కోపం తెచ్చుకోకండి. ఇద్దరికి సరిపడా కట్టివ్వండి, మెత్తగా ఉన్నవే చూసి. తీసుకెళ్ళి ఆ తలుపు బయట నేలమీద కూర్చుంటాను. తప్పు నాదక్కా అని ఏడేళ్ళలో నేనొక్కసారీ అనలేదు. ఇవాళ ఇంతమంది ముందు అన్నాను, ఇక ఆవిడ ముందు అనాలి. తలుపు తీస్తుందో లేదో తెలీదు. తీసేదాకా నేనూ తినను.

మీ అందరి అభిమానానికి, ఇన్నేళ్ళు నా నస భరించినందుకు పేరుపేరునా కృతజ్ఞతలు. ఒంటిగంటకల్లా అక్క కంచంలో పెట్టేసుకుంటుంది, ఈలోపే నేను వెళ్ళాలి. సెలవు.