దర్జీ ముందు నిలబడ్డ రాజుగారు

పంతొమ్మిది వందల తొంభై మూడో సంవత్సరం జూన్ పద్నాలుగో తేదీ, సోమవారం ఉదయం, మన దినపత్రిక ప్రకటనల విభాగంలో బొమ్మలు వేసేందుకు, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మా చిత్రకారుడు ఉద్యోగంలో చేరారు. తొలిరోజు అప్పగించిన పని ఒక ప్రెషర్ కుక్కరు బొమ్మ. ఎవరూ అడగకపోయినా, కుక్కరు కూతకు ఉలిక్కిపడ్డ ఒక తాతగారిని కూడా పక్కన గీసిచ్చారట. కుక్కరు అచ్చయింది, తాతగారిని తీసేశారు. చెత్తబుట్టలో ఆ తాతగారిని చూసి పడీపడీ నవ్విన అప్పటి కళల పేజీ సంపాదకులే, మూడేళ్ళ తరువాత వారిని తమ విభాగానికి రప్పించుకున్నారు. ఆనాటి నుంచి ఈ కార్యాలయంలో అందరికీ వారు ‘పెన్సిల్ గారు’. అసలు పేరు జీతాల విభాగానికి మాత్రమే అవసరం.

పెద్ద నాటకశాలలు పిలవని బృందాలన్నీ ఏటా పది రోజులపాటు గిడ్డంగుల్లో, కారు షెడ్లలో, బడి గదుల్లో, ఆఖరికి క్షవరశాలల్లో సైతం ప్రదర్శనలిచ్చే చిన్న వేదికల నాటకోత్సవం మన పాఠకులకు సుపరిచితమే. చేయి చాస్తే నటుడికి తగిలేంత ఇరుకు గదుల్లో కెమెరా వెలుగు పడితే నాటకం పాడవుతుంది కనుక, పెన్సిలుతో ఒకే మనిషిని పంపి బొమ్మా సమీక్షా రెండూ రాబట్టాలని సంపాదకులు సంకల్పించారు. పొదుపు కోసం పుట్టిన ఆలోచన, వారి చేతిలో పడి ఒక కళగా రూపుదిద్దుకున్నది.

వారి పద్ధతే వేరు. చీకట్లో కూర్చుని, కాగితం వైపు కన్నెత్తి చూడకుండా, చూపంతా వేదిక మీద నిలిపి, ఎడమ బొటనవేలిని కాగితం అంచున కొలతగా ఉంచుకుని గీసేవారు. నాటకానికి ఒక్కటే కాగితం. దీపాలు వెలగగానే దాన్ని తిప్పి, వెనకవైపున సమీక్ష రాసి, నా బల్ల మీద పెట్టేవారు. ఒకసారి ఇలా రాశారు: “రెండో అంకంలో కథానాయకుడు ఏడ్చాడు. మూడో వరుసలో ఒకావిడ గడియారం చూసుకుంది. నేను ఇద్దరినీ గీశాను.” ఇంతకంటే మర్యాదగా, ఇంతకంటే నిర్దయగా ఎవరైనా రాయగలరా, చెప్పండి! మర్నాడు ఆ కథానాయకుడే వచ్చి, “ఉతికి ఆరేశారు సార్! కానీ బొమ్మ మాత్రం అదిరింది, అసలు కాగితం నాకిచ్చేయరూ?” అని బతిమాలాడు. ఇచ్చారు. అతని ఇంటి గోడకు ఆ బొమ్మ నేటికీ వేలాడుతూనే ఉంది, చీవాట్లు గోడవైపుకు తిరిగి.

వారి సతీమణి, మా వదినగారి అభిప్రాయం కూడా ఇక్కడ నమోదు చేయడం న్యాయం. “చీకట్లో మనుషుల ముక్కులు కనిపెడతారు గానీ, పట్టపగలు అలమారలో తన బనీను కనిపెట్టలేరమ్మా ఈ మహానుభావుడు!” అని ఆమె నాతో అనని సంవత్సరం లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. అది రెండు వేల నాలుగు. నేను ఉపసంపాదకురాలిగా చేరి నాలుగు నెలలే అయింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నాటకోత్సవంలో ఒక రోజు మధ్యాహ్నం పెన్సిల్ గారు ఫర్నిచర్ దుకాణం కింది నేలమాళిగలో ఒక నటి ప్రదర్శించిన ఏకపాత్ర నాటకం చూశారు; అందులో ఆమె దర్జీ. సాయంత్రం ఒక బడి హాల్లో రాజుగారి నాటకం చూశారు. జీవితంలో మొదటిసారి, మధ్యలో కాగితం మార్చడం మరిచారు. ఫలితంగా ఎడమవైపు టేపు పట్టుకున్న దర్జీ, కుడివైపు ఆమె ఎదుట బుద్ధిగా కొలతలిస్తున్నట్టు రాజుగారు! వెనకవైపు దర్జీ నాటకం సమీక్షకు పైన ఇలా రాసి ఉంది: “చెల్లెమ్మా, పొరపాటున రెండు నాటకాలు ఒకేచోట పడ్డాయి. రాజు వేరే నాటకం వాడు. కుడి సగం కత్తిరించెయ్.”

నేను అది చదివాను. స్పష్టంగా, రెండుసార్లు చదివాను. కానీ పేజీలో నాలుగు కాలమ్‌ల ఖాళీ ఉంది, దర్జీ ఒక్కతే రెండు కాలమ్‌లకు మించదు. పేజీ పంపే వేళ మించిపోతోంది. ‘ఎవరు గమనిస్తారులే’ అనుకుని రాజుగారిని ఉంచేశాను.

ఊరంతా గమనించింది. రోజూ అయిదుగురు చూసే ఆ నాటకానికి మర్నాడు జనం పోటెత్తారు. ఫర్నిచర్ దుకాణం కనుక కుర్చీలకు కొదవ లేకపోయింది. ఇరవై నిమిషాలయ్యాక వెనకనుంచి ఎవరో “రాజుగారెప్పుడొస్తారమ్మా?” అన్నారు. గోల మొదలైంది, నాటకం ఆగిపోయింది.

ఆ మరునాడు ఆ నటి పత్రిక పట్టుకుని మన కార్యాలయానికి వచ్చింది. “తొమ్మిది నెలలు కష్టపడి తయారుచేసుకున్నానండీ. అయిదుగురే వచ్చినా ఆఖరిదాకా కూర్చునేవాళ్ళు. నిన్న మధ్యలో దిగిపోయాను. ఎవరండీ ఈ రాజు?” అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ప్రధాన సంపాదకులు “ఎవరి నిర్వాకం ఇది?” అని గర్జించారు. నేను లేచి నిలబడి, బల్ల మీది కాగితాలు సర్దసాగాను. ఈలోగా పక్కనుంచి వినిపించింది: “కాగితం మార్చడం మరిచాను సార్. తప్పు నాదే.”

బాధ్యతారాహిత్యం పేరిట వారికి మెమో ఇచ్చారు. ఏడాదిపాటు సమీక్షలు మాన్పించి, మళ్ళీ కుక్కర్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రమే వారు ఆ నేలమాళిగకు వెళ్ళారు. సిగ్గు పడుతూ నేనూ వెంట వెళ్ళాను. ప్రేక్షకుల ముందు నిలబడి, “రాజు నా బొమ్మలో తప్పండీ, నాటకంలో తప్పేం లేదు. ఒక్క అరగంట చూడండి. బాగా లేకపోతే నన్ను తిట్టుకుంటూ వెళ్ళండి” అన్నారు. నలుగురు లేచిపోయారు, తక్కినవారు కూర్చున్నారు. నాటకం చివర ఆ నటి శూన్యంలోకి టేపు చాచి, “రాజుగారూ, పొట్ట లోపలికి లాక్కోకండి, కొలత తప్పుతుంది!” అన్నది. గది గదంతా ఘొల్లుమంది. తరువాతి ప్రదర్శనలన్నిటిలోనూ ఆమె ఆ మాట ఉంచుకుంది.

తిరిగి వస్తూ, “ఎందుకన్నగారూ ఇలా చేశారు?” అని అడిగితే, “నీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు కదమ్మా. నాది ఎప్పుడో అయింది. అయినా కాగితం మరిచింది నేనే కదా, అబద్ధమేం ఆడలేదే! పద, టీ తాగుదాం” అన్నారు.

పాఠకుల ఉత్తరాల ధాటికి మరుసటి ఏడు యాజమాన్యం వారిని సగౌరవంగా వెనక్కి పిలిచింది. అటుపై తొమ్మిది వందలకు పైగా ప్రదర్శనలు గీసి, రాసి, ఎందరో అనామక నటులకు తొలి గుర్తింపు ప్రసాదించారు. నేను ఉపసంపాదకురాలి నుంచి ఈ పేజీకి బాధ్యురాలినయ్యాను. నోరు మాత్రం విప్పలేదు. మొదట భయం, తరువాత మొహమాటం, ఆ పైన అలవాటు. సిగ్గుగా ఉంది.

ఈ సంచిక కోసం వారి ఉద్యోగ దస్త్రం తెప్పించి చూశాను. ఇన్నేళ్ళ సేవలో మచ్చగా ఉన్నది ఆ ఒక్క మెమో కాగితమే. దాన్ని వారి దస్త్రం నుంచి తొలగించి, నా దస్త్రంలో చేర్చవలసిందిగా యాజమాన్యాన్ని ఇందుమూలంగా అభ్యర్థిస్తున్నాను. మొన్న ఈ వ్యాసం చిత్తుప్రతి వారికి చూపిస్తే, అంచున పెన్సిలుతో రాసిచ్చారు: “చెల్లెమ్మా, ఈ మెమో గొడవ కత్తిరించెయ్.”

వారు రాసిచ్చిన సూచనను నేను పాటించకపోవడం ఇది రెండోసారి. ఈసారి దాచుకోకుండా, సంతోషంగా, వారి మాట కాదంటున్నాను. ఏ మచ్చా లేని దస్త్రంతో అన్నగారు ఇంటికి వెళ్ళాలనీ, వదినగారి చేత చీవాట్లు తింటూ, కంటిచూపూ వేళ్ళ పట్టూ చెక్కుచెదరకుండా, నేలమాళిగల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కి దిగుతూ, వంద దాటిన తరువాత కూడా ముందు వరుసలో కూర్చుని మమ్మల్నందరినీ గీస్తూ ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాను.