వారధి మీద పిడికెడు ఉప్పు

భద్రాచలం దవాఖానా వరండాలో, ఉప్పు లారీ మీదినుండి పడిన తుల్సీరాం భార్య జమ్లి, ఆ లారీ నడిపిన తన అన్న హాతీరాం ఎదుట కూర్చుని ఉంది.

"బర్రె అడ్డమొచ్చిందా? వారధి మీదికా?"

"వచ్చింది చెల్లె. బ్రేకేసిన. బావ పైనుంచి పడ్డడు. గంతే."

"మరి ఆ బర్రె యాడికి పోయింది? గోదాట్ల దుంకిందా?"

"పరాచికాలా ఇప్పుడు?"

"ఆయన బస్తాల మీద నిలబడ్డడా?"

"అవ్. గోదారమ్మకు పిడికెడు ఉప్పు ఎయ్యాలె గదా. తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసిన కాలం నుంచి మన ఆనవాయితాయె."

"ఉప్పు ఏసేదాక బండి ఆపుడు గూడ ఆనవాయితే."

"చాయ్ తెమ్మంటవా?"

"ఒద్దు. ముందుకు పడ్డడా, ఎనక్కి పడ్డడా?"

"స్టీరింగు పట్టుకున్నోనికి ఎట్ల తెలుస్తది?"

"మిర్చి కూలికి ట్రాక్టర్ల నిలబడి పోయేదాన్ని. బ్రేకేస్తే ముందటోళ్ల మీద పడతం. ఒక్కసారి లాగిస్తే ఎనక్కి వెల్లకిల పడతం. ఆయన లారీ ఎనక దొరికిండు. తల ఎనక పగిలింది."

"జమ్లీ..."

"బ్రేకేసినవా అన్నా?"

"ఈసారి రాజస్థాన్ల లోడుకే ఆలస్యమైంది. ఆ ఉప్పుచెరువు ఎంత కుంచించుకపోయిందో నీకేం తెలుసు! నిరుడు లారీ పెట్టిన ఒడ్డు మీద నిలబడితే నీళ్లే కనబడలే. అంతా పగుళ్లు. రోజులకు రోజులు పడిగాపులు..."

"చెరువు కాదు. బ్రేకు అడుగుతున్న."

"గదే చెప్తున్న. ఇక్కడ సంత దాటిపోతున్నది. బావ క్యాబిన్ మీద కొట్టిండు, ఆపుమని. స్లో చేసిన. లేసి నిలబడ్డడు. నాకు మండింది. మన పెద్దలకు బువ్వ పెట్టిన చెరువే ఎండిపాయె, ఇంక ఏ మొక్కు, ఎవరికి మొక్కు అని..."

"అని?"

"ఎక్సలేటర్ తొక్కిన."

"ఆయన నిలబడ్డడని తెలిసే?"

"తెలిసే. అద్దంల కనబడ్డడు. బర్రె లేదు, ఏం లేదు. నన్ను పోలీసులకు పట్టియ్యి చెల్లె. బావ కళ్లు తెరుస్తే కాళ్లు పట్టుకుంట."

"తెరిచిండు. పొద్దుగాల నువ్వు లారీ కాడికి పోయినప్పుడే."

"ఏందీ! మాట్లాడిండా? ఏమన్నడు?"

"కాలు జారి నేనే పడ్డ అని పోలీసులకు చెప్పిండు. నాతోని ఒక్కటే అన్నడు: 'మీ అన్నను ఏమీ అడగకు జమ్లీ. అడిగితే, పాపం, ఆయన అబద్ధమాడాల్సొస్తది.'"